వాన్ జేకబ్సన్ పనితనం

బీటెక్ మూడో సంవత్సరంలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదివినవాళ్లకు ఒక బొమ్మ గుర్తుండిపోతుంది. అడ్డంగా రౌండ్లు, నిలువుగా విండో సైజు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అంటూ గీత ఎగబాకుతుంది. థ్రెషోల్డ్ దగ్గర నెమ్మదించి ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంది. టైమవుట్ అని బాణం గుర్తు పెట్టిన చోట దబ్బున పడి మళ్లీ ఒకటితో మొదలవుతుంది. ట్రాన్స్‌పోర్ట్ లేయర్ యూనిట్‌లో పది మార్కుల ప్రశ్నకు అదే జవాబు. గేట్ పరీక్షలోనైతే థ్రెషోల్డ్ ఇంత, టైమవుట్ ఫలానా రౌండులో వచ్చింది, ఆ తర్వాత విండో ఎంతవుతుందని లెక్క ఇస్తారు. మన పిల్లలు ఆ లెక్క బాగానే చేస్తారు. ఆ గీతను అలా వంచిన మనిషి ఏం చూసి వంచాడు, అందుకు ఎంత తక్కువ సరుకు వాడాడు అన్నది మాత్రం సిలబస్ పూర్తిచేసే హడావిడిలో మరుగున పడిపోతుంది.

నెట్‌వర్క్స్ సబ్జెక్టు మొత్తంలో అంతకు మించిన పనితనం నాకెక్కడా కనపడలేదు. ఇంజనీరింగ్ చదువుతున్న ప్రతి ఒక్కరూ దాన్ని ఒకసారి దగ్గరగా చూడాలన్నది నా గట్టి కోరిక. అది ఉన్నది ఒక పేపర్లో. 1988 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన సిగ్‌కామ్ సదస్సుకు లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ నుంచి వాన్ జేకబ్సన్ రాసిన ‘కంజెషన్ అవాయిడెన్స్ అండ్ కంట్రోల్’. సదస్సు సంపుటిలో 16 పేజీలు. తర్వాత సవరించిన ప్రతిలో, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బీఎస్‌డీ యూనిక్స్ పని చూసిన మైకేల్ కారెల్స్ పేరు కూడా చేరింది. టానెన్‌బామ్ పుస్తకం తెరిచినా, కురోస్, రాస్ రాసిన పుస్తకం తెరిచినా రద్దీ నియంత్రణ అధ్యాయానికి పునాది ఈ పేపరే. పాఠం చదివితే మార్కులొస్తాయి. పనితనం చూడాలంటే మూలం చదవాలి.

ముందు జబ్బు సంగతి. 1986 అక్టోబరు. కాలిఫోర్నియాలో కొండ మీద లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, దిగువన బర్క్‌లీ విశ్వవిద్యాలయం. మధ్య దూరం 400 గజాలు. ఆ రెండింటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు మోసే నెట్‌వర్క్ ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది. నలభై వేలు కాదు, నలభై. సెకనుకు అయిదు ఇంగ్లీషు అక్షరాలు. తీగలు తెగలేదు, యంత్రాలు చెడిపోలేదు. లైన్ల నిండా ప్యాకెట్లు పరుగెడుతూనే ఉన్నాయి. చేరాల్సింది మాత్రం చేరడం లేదు.

అప్పటి టీసీపీ, అంటే యంత్రాలు ప్యాకెట్లు పంపుకునే నియమావళి, 1981లో ఆర్‌ఎఫ్‌సీ 793 అనే ప్రమాణ పత్రంగా ఖరారైంది. అందులో పంపేవాడికి ఒకటే హద్దు. నా దగ్గర ఇంత బఫర్ ఖాళీ ఉందని అవతలివాడు చెప్పే విండో. మధ్యలో ఉన్న గేట్‌వేల సత్తా ఎంతో ఎవరికీ పట్టదు. అవతల ముప్పై ప్యాకెట్లకు చోటుంటే ఇవతలివాడు ముప్పైనీ ఒక్కసారే వదిలేస్తాడు. దారిలో సన్నటి లైను ముందున్న క్యూ నిండిపోతుంది, మిగిలినవి నేలపాలవుతాయి. టైమరు తీరగానే పంపేవాడు మళ్లీ పంపుతాడు. అసలు కష్టం ఇంకొకటి. పోని ప్యాకెట్లు, కేవలం ఆలస్యమైన ప్యాకెట్లు కూడా పోయాయనుకుని మళ్లీ పంపుతాడు. సంక్రాంతి ముందు పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లను తలుచుకోండి. ఇంకా విజయవాడ చేరలేదేమని, ఆగిపోయిన ప్రతి కారుకూ బదులుగా అవే మనుషులతో, అదే సామానుతో మరో కారు హైదరాబాదు నుంచి బయల్దేరితే ఎలా ఉంటుంది? ఆ అక్టోబరులో నెట్‌వర్క్ అలా ఉంది.

జేకబ్సన్, కారెల్స్ ఇద్దరూ బీఎస్‌డీ యూనిక్స్‌లోని టీసీపీ కోడు ముందేసుకుని కూర్చున్నారు. మొత్తం ఏడు కొత్త పద్ధతులు అందులో పెట్టారు. వాటిలో అయిదింటి వెనక ఉన్నది ఒకే సూత్రం. దారి ఒకసారి నిండాక, పాత ప్యాకెట్ ఒకటి బయటికి వెళ్తేనే కొత్త ప్యాకెట్ ఒకటి లోపలికి రావాలి. దీన్ని పేపరు ప్యాకెట్ల నిత్యత్వం అంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో శక్తి నిత్యత్వం చదివినవాళ్లకు వెంటనే అర్థమయ్యే మాట. ఈ సూత్రం చెడిపోవడానికి మూడే దారులున్నాయని పేపరు తేలుస్తుంది. ప్రవాహం అసలు నిలకడకు చేరకపోవడం. పాతది వెళ్లకముందే పంపేవాడు కొత్తది తోసేయడం. దారిలో చోటు చాలక నిలకడ కుదరకపోవడం. మొదటిదానికి మందు స్లో స్టార్ట్, రెండోదానికి టైమరు, మూడోదానికి కంజెషన్ అవాయిడెన్స్. మన నోట్సుల్లో ఈ మూడూ మూడు వేర్వేరు శీర్షికలు. పేపర్లో ఒకే జబ్బుకు మూడు చోట్ల వేసిన కట్లు. వరస తెలిసి చదివితే బట్టీ పట్టాల్సిన పనే ఉండదు.

పేపర్లోని మొదటి బొమ్మ దగ్గర కాసేపు ఆగాలి. రెండు చివర్లా వెడల్పాటి గొట్టాలు, మధ్యలో సన్నటి గొట్టం. వెడల్పాటివి వేగమైన లైన్లు, సన్నటిది నెమ్మది లైను. ప్యాకెట్లను డబ్బాలుగా గీశారు. డబ్బా ఎత్తు లైను వేగం, పొడవు అది పట్టే కాలం. అంటే డబ్బా వైశాల్యమే అందులోని బిట్ల లెక్క. అది ఎక్కడా మారకూడదు. వెడల్పు గొట్టంలో నిలువుగా, పొట్టిగా ఉన్న డబ్బా సన్న గొట్టంలోకి వచ్చేసరికి బల్లపరుపుగా సాగిపోతుంది. అవతల మళ్లీ వెడల్పు గొట్టంలోకి రాగానే పాత ఆకారానికి వస్తుంది. కానీ ఒక డబ్బాకూ ఇంకో డబ్బాకూ మధ్య సన్న గొట్టం పెట్టిన ఎడం మాత్రం అలాగే మిగిలిపోతుంది. అందుకున్నవాడు అదే ఎడంతో అక్‌లు, అంటే చేరిందని చెప్పే రసీదులు, పంపుతాడు. అవి అదే ఎడంతో వెనక్కి వస్తాయి. ఒక్కో అక్‌కు ఒక్కో ప్యాకెట్ పంపితే చాలు, దారిలోని అతి సన్నని లైను వేగానికి పంపేవాడు అచ్చంగా సరిపోతాడు. ఆ లైను ఎక్కడుందో అతనికి తెలియదు. ఎంత వేగమో ఎవరూ చెప్పలేదు. వచ్చే అక్‌ల లయే గడియారం. దీనికి సెల్ఫ్ క్లాకింగ్ అని పేరు. ఒక పేజీలో సగం కూడా పట్టని ఈ బొమ్మలో ఇంత విషయం ఇమిడ్చి, వైశాల్యం ద్వారా బిట్ల లెక్క కూడా తప్పకుండా గీయడం మామూలు చేతికి సాధ్యం కాదు.

గడియారం నడవాలంటే అక్‌లు రావాలి. అక్‌లు రావాలంటే ప్యాకెట్లు పంపాలి. పంపడానికి గడియారం కావాలి. ఈ ముడి విప్పేదే స్లో స్టార్ట్. ఒక ప్యాకెట్‌తో మొదలుపెట్టు, వచ్చిన ప్రతి అక్‌కూ నీ సొంత విండోను ఒకటి పెంచు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. బొమ్మలో ఎగబాకే గీత ఇదే. పేరులో స్లో ఉంది గానీ ఇది రౌండు రౌండుకూ రెట్టింపయ్యే పెరుగుదల. అంతకుముందున్న పద్ధతితో, అంటే విండో అంతా ఒక్కసారి గుమ్మరించడంతో పోలిస్తేనే ఇది నెమ్మది. కోడులో ఇది కొద్ది లైన్లే.

దీని విలువ చూపించడానికి పేపర్లో ఒక జత గ్రాఫులున్నాయి. వేర్వేరు ఈథర్‌నెట్‌ల మీద రెండు సన్ యంత్రాలు, మధ్యలో సెకనుకు 230.4 కిలోబిట్ల లైను. అడ్డంగా కాలం, నిలువుగా సీక్వెన్స్ నంబరు, ప్రతి చుక్కా 512 బైట్ల ప్యాకెట్. అంతా సవ్యంగా ఉంటే చుక్కలన్నీ ఒకే వాలులో పైకి పోయే గీతలా కనపడాలి. స్లో స్టార్ట్ లేనప్పుడు చుక్కలు ఎక్కడం, వెనక్కి పడటం, అవే ఎత్తుల మీదుగా మళ్లీ ఎక్కడం. లైను సత్తాలో 35 శాతమే పనికొచ్చింది, మిగతాది మళ్లీ పంపడానికే ఖర్చయింది. 54వ కిలోబైటు నుంచి 58వ కిలోబైటు దాకా ఉన్న డేటా అయిదుసార్లు వెళ్లింది. పక్క గ్రాఫులో స్లో స్టార్ట్ పెట్టారు. మొదటి రెండు సెకన్లు మెల్లగా వంగి లేచి, అక్కడి నుంచి చుక్కలు నూలు పట్టినట్టు సాగిపోయాయి. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని చూసినవాళ్లకు ఇంకో రుజువు అక్కర్లేదు.

ఇక టైమరు. ఈ పేపర్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, క్లాసులో అన్నిటికన్నా తక్కువ సమయం దొరికే భాగం ఇదే.

ప్యాకెట్ పంపాక అక్ కోసం ఎంతసేపు ఆగాలి? తొందరపడితే దారిలో ఉన్న ప్యాకెట్‌నే మళ్లీ పంపి రద్దీ పెంచుతాం. మరీ ఆగితే నిజంగా పోయిన ప్యాకెట్ కోసం ఊరికే కూర్చుంటాం. ఆర్‌ఎఫ్‌సీ 793 చెప్పిన మార్గం ఇది. అక్ తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని, అంటే రౌండ్ ట్రిప్ టైమును కొలుస్తూ పోయి సగటు కట్టు, దాన్ని ఒక స్థిరసంఖ్యతో హెచ్చవేసి అంతసేపు ఆగు. ఆ సంఖ్యగా రెండు తీసుకోవడం ఎక్కువ వాడుకలో ఉండేది. జేకబ్సన్ ఇక్కడ క్యూల సిద్ధాంతాన్ని ముందుకు తెస్తాడు. నెట్‌వర్క్ మీద బరువు పెరిగే కొద్దీ సగటు ఆలస్యమే కాదు, ఆలస్యంలోని హెచ్చుతగ్గులు కూడా పెరుగుతాయి. సత్తాలో 75 శాతం వాడుకలో ఉన్న నెట్‌వర్క్‌లో ఈ కాలం పదహారు రెట్ల దాకా తేడాగా ఉండొచ్చు. సగటుకు రెండింతలనే లెక్క 30 శాతం బరువుకే చేతులెత్తేస్తుంది. అంటే రద్దీ మొదలవ్వగానే, సరిగ్గా ఓపిక పట్టాల్సిన వేళ, టైమరు ఓపిక కోల్పోతుంది.

అందుకని సగటుతోపాటు హెచ్చుతగ్గులనూ కొలవాలి. గణితం పుస్తకం ప్రామాణిక విచలనం కట్టమంటుంది. అందుకు వర్గాలు చేయాలి, వర్గమూలం తీయాలి. ప్రతి అక్‌కూ కెర్నెల్‌లో ఇదంతా చేయడం ఆనాటి యంత్రాలకు తలకు మించిన పని. జేకబ్సన్ దాని బదులు సగటు విచలనం తీసుకున్నాడు. తేడా ఎంతో చూడు, గుర్తు వదిలెయ్, సగటు కట్టు. అది ప్రామాణిక విచలనానికి దగ్గరగానే వస్తుంది. రెండు సగటులనూ ఎంత వేగంగా మార్చాలన్నదానికి ఎనిమిదో వంతు, నాలుగో వంతు ఎంచుకున్నాడు. ఆ సంఖ్యలే ఎందుకు? ఎనిమిది, నాలుగు రెండూ 2 యొక్క ఘాతాలు. బిట్లను మూడు స్థానాలు కుడికి జరిపితే ఎనిమిదితో భాగించినట్టే, రెండు స్థానాలు జరిపితే నాలుగుతో భాగించినట్టే.

అసలు పనితనం ఇక్కడి నుంచి మొదలవుతుంది. సగటును సగటుగా దాచడు, ఎనిమిది రెట్లు చేసి దాస్తాడు. విచలనాన్ని నాలుగు రెట్లు చేసి దాస్తాడు. కాగితం, పెన్సిలు తీసుకుని ఒకసారి వేసి చూడండి. సగటు 100 మిల్లీసెకన్లు, విచలనం 10 అనుకుందాం. మెమరీలో ఉండేవి 800, 40. టైమరు విలువ సగటు, దానికి విచలనానికి నాలుగింతలు కలిపితే వచ్చేది. 100కు 40 కలిపితే 140. నాలుగుతో హెచ్చవేయాల్సిన పని లేదు, దాచిందే నాలుగు రెట్లు.

ఇప్పుడు 132 మిల్లీసెకన్లకు అక్ వచ్చింది. 800ను మూడు స్థానాలు జరిపితే 100, తేడా 32. తేడాలో ఎనిమిదో వంతు సగటుకు కలపాలి కదా. సగటు ఎనిమిది రెట్లుగా ఉంది కాబట్టి 32ను ఉన్నదున్నట్టు 800కు కలిపితే సరిపోయింది. 832. భాగహారం మాయమైంది. విచలనం వైపు, 40ని రెండు స్థానాలు జరిపితే 10. 32లో 10 తీస్తే 22. దాన్ని 40కి కలిపితే 62. టైమరు, 832ను జరపగా వచ్చిన 104కు 62 కలిపితే 166. కాలిక్యులేటర్‌తో అసలు సూత్రం వేస్తే కొత్త విచలనం 15.5 అని వస్తుంది. పూర్ణాంకాలు తప్ప ఏమీ వాడని కోడులో ఆ అర ఏమైంది? 62లో భద్రంగా ఉంది. 15.5కు నాలుగింతలే అది. రెట్లు చేసి దాచడం వల్ల వేగం కలిసొచ్చింది, దశాంశాలు కూడా జారిపోకుండా నిలిచాయి. ఒకే ఉపాయం రెండు పనులు చేసింది.

తర్వాతి అక్ 160కి వచ్చిందనుకోండి, ఆ తర్వాతిది 200కు. ఇలాగే వేసుకుంటూ పోతే టైమరు 214 అవుతుంది, ఆపైన 289. పాత పద్ధతిలో, సగటులో పదో వంతు కొత్త కొలతకు ఇచ్చి రెండుతో హెచ్చవేస్తే ఏమొస్తుంది? మొదట్లో 200, తర్వాత వరసగా 206, 218, 236. రెండు వరసలూ పోల్చి చూడండి. దారి ప్రశాంతంగా ఉన్నప్పుడు పాతది 200 దాకా ఆగేది, కొత్తది 140కే తేల్చేస్తుంది. దారి కిక్కిరిసి నాలుగో అక్ 250కి వస్తే పాత టైమరు 236కే తీరిపోయి, పోని ప్యాకెట్‌ను మళ్లీ పంపి రద్దీకి ఆజ్యం పోసేది. కొత్తది 289 దాకా నిలబడుతుంది. ప్రశాంతంలో చురుకు, రద్దీలో ఓర్పు. ఇదంతా చేసేది రెండు అంకెలు, కొన్ని కూడికలు తీసివేతలు, కొన్ని షిఫ్టులు. గుణకారం ఒక్కటీ లేదు.

మొదటి పేపర్లో విచలనానికి రెండింతలే కలిపారు. తర్వాతి అనుభవంతో జేకబ్సన్ దాన్ని నాలుగింతలు చేశాడు. నేటికీ ప్రమాణం అదే.

మూడో కట్టు, కంజెషన్ అవాయిడెన్స్. ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని అర్థం. ఆ క్షణంలో ఉన్న విండోలో సగాన్ని థ్రెషోల్డ్‌గా రాసుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. థ్రెషోల్డ్ దాకా స్లో స్టార్ట్, దాటాక రౌండుకు ఒక్కటే పెంపు. సగమే ఎందుకు? వైవాలో ఈ ప్రశ్న వేస్తే ఎక్కువమంది తడబడతారు. పేపర్లో జవాబు కొద్ది వాక్యాల వ్యవహారం. స్లో స్టార్ట్ మధ్యలో ప్యాకెట్ పోతే, అంతకు ముందు రౌండులో సగం విండో క్షేమంగా వెళ్లిందని మనకు తెలుసు, కాబట్టి సగం. నిలకడగా నడుస్తుండగా పోతే, బహుశా మన దారిలోకి కొత్తవాడొకడు వచ్చాడు. ఇప్పటిదాకా ఒక్కరే వాడుకున్నది ఇద్దరు పంచుకోవాలి, కాబట్టి సగం. రెండు వేర్వేరు పరిస్థితులు, ఒకే అంకె. అందుకే కోడులో షరతులు పెట్టాల్సిన అవసరం రాలేదు. ఇక పెంచడం దగ్గర ఒక్కొక్కటిగానే పెంచాలనడానికి కారణం, నెట్‌వర్క్‌ను రద్దీలోకి నెట్టడం తేలిక, రద్దీ నుంచి బయటికి తేవడం కష్టం కావడమే.

రుజువు కోసం నాలుగు యంత్రాల జతలు తీసుకుని, మూడేసి సెకన్ల తేడాతో ఒకే లైను మీద మెగాబైటు చొప్పున పంపించారు. పాత కోడుతో పంపిన సుమారు 11,000 ప్యాకెట్లలో 4,000 మళ్లీ పంపినవే. ఒకరికి సెకనుకు 8 కిలోబైట్లు, ఇద్దరికి అయిదేసి, నాలుగోవాడికి అరే దక్కింది. కొత్త కోడుతో మొత్తం 8,281 ప్యాకెట్లు వెళ్లాయి, అందులో మళ్లీ పంపినవి 89. మెగాబైటుకు 512 బైట్ల ప్యాకెట్లు 2,048, నలుగురికి 8,192. దానికి 89 కలిపితే సరిగ్గా 8,281. పేపర్లో అంకెలు ఇలా ఒకదానికొకటి అతికినట్టు సరిపోతుంటే, రాసినవాళ్ల మీద నమ్మకం దానంతటదే వస్తుంది.

ఇంకొక గుణం ఉంది, పాఠ్యపుస్తకాలు దాని ఊసెత్తవు. ఈ మరమ్మతు కోసం టీసీపీ హెడర్‌లో ఒక్క బిట్టు మారలేదు. గేట్‌వేలను ముట్టుకోలేదు. అవతలి యంత్రం పాతదైనా ఇబ్బంది లేదు. మారింది పంపేవాడి కోడు మాత్రమే. నడుస్తున్న నెట్‌వర్క్‌ను ఆపకుండా, ఎవరి అనుమతీ కోరకుండా, ఒక్కో యంత్రంలో ఒక్కొక్కటిగా బాగుచేయగలిగిన మందు అది. 1988 జూన్‌లో 4.3 బీఎస్‌డీ టాహోతో ఈ కోడు బయటికొచ్చింది. 1989 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1122 దీన్ని ప్రతి యంత్రానికీ తప్పనిసరి చేసింది.

సాటివాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వడంలోనూ ఈ పేపరు ఆదర్శమే. మళ్లీ పంపిన ప్యాకెట్ కాలాన్ని కొలతలో కలపకూడదన్న ఫిల్ కార్న్ పద్ధతికి అతని పేరే పెట్టారు. స్లో స్టార్ట్‌ను పోలిన పద్ధతి రాజ్ జైన్ కొన్ని నెలల ముందే ప్రచురించాడని, అది తమకు తెలిసి ఉండాల్సిందని రాసుకున్నారు. ఆ రాజ్ జైన్, కె.కె. రామకృష్ణన్ అప్పుడు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో ఉన్నారు. ఇద్దరూ బెంగళూరు ఐఐఎస్‌సీలో చదివినవాళ్లే. అదే సిగ్‌కామ్ సదస్సులో వాళ్లిద్దరి పేపరు కూడా ఉంది. ప్యాకెట్ పోయేదాకా ఆగడమెందుకు, క్యూ పెరుగుతుండగానే రౌటరు ఒక బిట్టు వేసి హెచ్చరిస్తే పోలేదా అన్నది వాళ్ల ఆలోచన. అది ఇంకా సున్నితమైన మార్గం. కానీ రౌటర్లను మార్చాలి. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3168 రూపంలో ఇంటర్నెట్‌కు అది ప్రమాణంగా వచ్చింది, రామకృష్ణన్ దాని రచయితల్లో ఒకరు. ఏది ముందు ఊరూరా చేరగలదో చూసి మందు ఎంచుకోవడం కూడా ఇంజనీరింగే. అందులో జేకబ్సన్ అంచనా సరైనది.

ఈ పనిలో లోపాలు లేవని కాదు. ప్యాకెట్ పోవడమంటే రద్దీయే అన్న నమ్మకం మీద అంతా నిలబడింది. తీగల కాలంలో అది నిజం. వైర్‌లెస్ వచ్చాక సిగ్నల్ దెబ్బతిని కూడా ప్యాకెట్లు పోతాయి, టీసీపీ దాన్ని రద్దీ అనుకుని అనవసరంగా వెనక్కి తగ్గుతుంది. దీనికి విరుగుడు వెతికిన తొలితరంలో ఐఐటీ మద్రాసులో చదివి బర్క్‌లీకి వెళ్లిన హరి బాలకృష్ణన్ ఉన్నారు. ఇంకో చిక్కు మెమరీ చవకవడంతో వచ్చింది. మోడెముల్లో, రౌటర్లలో బఫర్లు విపరీతంగా పెరిగాయి. ప్యాకెట్లు పోవు, గంపగుత్తగా క్యూలో పడి ఉంటాయి. పోతేనే తగ్గడం తెలిసిన టీసీపీ, క్యూ అంతా నిండేదాకా తోస్తూనే ఉంటుంది. ఇంట్లో ఒకరు పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తుంటే ఇంకొకరి వీడియో కాల్ నత్తనడక నడవడానికి ఒక ముఖ్య కారణం ఇది. దీనికీ జేకబ్సన్ స్వయంగా తిరిగి వచ్చాడు. 2012లో కాథ్లీన్ నికోల్స్‌తో కలిసి క్యూలను అదుపు చేసే కోడెల్, 2016లో గూగుల్ సహచరులతో కలిసి, ప్యాకెట్ పోవడాన్ని కాకుండా దారి వేగాన్నీ ఆలస్యాన్నీ నేరుగా కొలిచే బీబీఆర్. తన పద్ధతికి కాలం చెల్లిన చోటును గుర్తించి తానే కొత్తది కట్టినవాడి మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

టైమరుకు మాత్రం కాలం చెల్లలేదు. లినక్స్ కెర్నెల్ సోర్సులో నెట్ ఫోల్డరు, అందులో ఐపీవీ4, అందులో టీసీపీ ఇన్‌పుట్ ఫైలు తెరిచి ఆర్‌టీటీ ఎస్టిమేటర్ అన్న ఫంక్షన్ వెతకండి. సిగ్‌కామ్ 88 నాటి జేకబ్సన్ వ్యాసం నుంచి తెచ్చామన్న వ్యాఖ్య అక్కడే కనపడుతుంది. కింద అదే ఎనిమిది రెట్లు, అదే మూడు స్థానాల షిఫ్టు. ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే.

మన కాలేజీల్లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ (సీఎన్) ల్యాబ్ అంటే బిట్ స్టఫింగ్, సీఆర్‌సీ, డైక్‌స్ట్రా, డిస్టెన్స్ వెక్టర్, లీకీ బకెట్ ప్రోగ్రాములు రాయడం, రికార్డు నింపడం, వైవాకు సిద్ధపడటం. అవి అవసరమే. వాటి పక్కన ఒక్క పూట దీనికి ఇస్తే చాలు. లినక్స్ ఉన్న ఏ సిస్టంలోనైనా ఒక డౌన్‌లోడ్ నడుస్తుండగా ఎస్‌ఎస్ కమాండును టీ, ఐ ఆప్షన్లతో కొట్టండి. ప్రతి కనెక్షన్ పక్కనా ఆర్‌టీటీ అని రెండు అంకెలు, మధ్యలో ఒక గీత కనపడతాయి. గీతకు ముందున్నది సగటు, తర్వాతది విచలనం. ఆ పక్కనే ఆర్‌టీఓ అని టైమరు విలువ, సీడబ్ల్యూఎన్‌డీ అని విండో. లినక్స్ ఆ టైమరును 200 మిల్లీసెకన్లకు తగ్గనివ్వదు, అది గుర్తుంచుకుని చూడండి. పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్ చేస్తూ వైర్‌షార్క్‌లో పట్టి, స్టాటిస్టిక్స్ మెనూలోని టీసీపీ స్ట్రీమ్ గ్రాఫ్స్‌లో టైమ్ సీక్వెన్స్ ఎంచుకుంటే, జేకబ్సన్ పేపర్లో ఉన్నలాంటి చుక్కల గ్రాఫు మీ సొంత డేటాతో తెర మీదికి వస్తుంది.

సీఎన్ చెప్పే అధ్యాపకులకు ఒక మనవి. ట్రాన్స్‌పోర్ట్ లేయర్ యూనిట్ మొదలుపెట్టే ముందు ఈ పేపరు ప్రింటు తీయించి పిల్లల చేతికివ్వండి, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. 132, 160, 200 లెక్క బోర్డు మీద మీరు చేయకండి, వాళ్ల చేతే చేయించండి. విండో సగమే ఎందుకన్న ప్రశ్న ఇంటర్నల్స్‌లో ఒకసారైనా అడగండి.